మూకుడు ఎక్కని కోడివేపుడు

మా యింటిలో రాత్రిని పగలుగా చేసికొని బ్రతుకువారము ఇద్దరము ఉన్నాము. ఉదయప్రసారముల బాధ్యత నాకు వచ్చిన వారములలో నేను తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి, కొండాపూరునుండి సైఫాబాదుకు బయలుదేరవలెను. మా తమ్ముడు మాదాపూరులో ఒక సాఫ్టువేరు కార్యాలయమున, అమెరికావారి పగటివేళకు సరిపోవునట్లు, సాయంకాలము ఆరున్నరకు పనిలో ప్రవేశించి, నేను లేచు వేళకు ఇల్లు చేరును. అందుచేత మేమిద్దరము ముఖాముఖాలు చూచుకొను చోటు వంటయిల్లు. నేను కాఫీ కాచుకొనుచుండగా అతడు ఒక కాగితపు సంచితో లోనికి వచ్చును. సంచిలో ఏమున్నదో అడుగనక్కరలేదు, వాసనయే చెప్పును. గుండ్రని బన్ను నడుమ వేయించిన కోడిముక్క, దానిపై ఎఱ్ఱని కారపు పూత, ఒక దోసకాయ చెక్క.

“అన్నయ్యా, సగం తింటావా?” అని అడుగును. తెల్లవారుజామున వేపుడు తిను వయస్సు నాకు దాటినది. అతనికి దాటలేదని అతడును, మేమును అనుకొంటిమి.

నిరుడు వారి కార్యాలయమున వైద్యపరీక్షలు జరిగినవి. కాలేయమునకు క్రొవ్వు పట్టినదని, ఇప్పుడే జాగ్రత్తపడిన తగ్గునని వైద్యులు చెప్పినారట. అతని వయస్సు ముప్పదినాలుగు. త్రాగుడు అలవాటు లేదు. ఆ కాగితమును మా అమ్మకు చూపవద్దని నాకు చెప్పి, “మా వరుసలో కూర్చునే వాళ్ళలో సగానికి పైగా ఇదే మాట చెప్పారులే” అని నవ్వినాడు. నేను దానిని హాస్యమే అనుకొన్నాను. తరువాత చదివిన దానినిబట్టి చూడగా అతడు తక్కువగనే చెప్పినాడు. హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు, గచ్చిబౌలిలోని ఎ.ఐ.జి. ఆసుపత్రి వైద్యులతో కలిసి, మన నగరపు సాఫ్టువేరు ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితములు ప్రకటించిరి. వారిలో నూటికి 84 మందికి కాలేయమున క్రొవ్వు చేరియున్నది. అది ఆ 345 మందిని గూర్చిన లెక్కయే, ఊరందఱిదియు కాదు. అయినను ఇంటిలో ఒకరు ఆ కుర్చీలలో కూర్చుండువారైనప్పుడు ఆ అంకె వేఱువిధముగా కనబడును.

1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించినప్పుడు ఆ ప్రాంతమంతయు రాళ్ళ గుట్టలు. సమీపమున 1992లో వెలసిన శిల్పారామము తప్ప చూడవలసినది పెద్దగా లేదు. 2019లో మెట్రోరైలు హైటెక్ సిటీకి, ఆపైన రాయదుర్గమునకు వచ్చినది. ఇప్పుడచ్చట నడిరాత్రి రెండు గంటలకుకూడ దీపములు ఆరవు, పొయ్యిలును ఆరవు. పని చేయువాడు ఆ వేళ ఆకలిగొనుట అతని తప్పు కాదు. ఆ వేళ దొరకునది చాలవఱకు నూనెలో మునిగి లేచినదే యగుట మాత్రము విచారింపదగిన సంగతి.

నేను వైద్యుడను కాను. వంటలో పండితుడనును కాను. తమ్మునికి ఇష్టమైన ఆ ఒక్క వస్తువును మూకెడు నూనె లేకుండ ఇంటిలో చేయవచ్చునా అని రెండు నెలలు ప్రయత్నించి, కొన్ని ముక్కలు చెడగొట్టి, తెలిసికొన్న సంగతులు మాత్రము నేడు శ్రోతలకు చెప్పెదను.

కారము పూసిన ఈ కోడిముక్కకు పుట్టినిల్లు అమెరికాలో టెనెసీ రాష్ట్రమందలి నాష్‌విల్ నగరము. అచ్చటివారు వేయించిన కోడికి, మిరపపొడి కలిపిన వేడి క్రొవ్వును పూసి, తెల్లని రొట్టెముక్కపై పెట్టి, ఊరవేసిన దోసకాయ చెక్కలతో వడ్డించెదరు. ఈ విధానము విన్నప్పుడు నాకు ఆశ్చర్యము కలుగలేదు. కాగిన నూనెను కారముపై పోయుట మన యింటి పోపునకు దూరమైన సంగతి కాదు. ఇక రొట్టె మాటయా, హైదరాబాదు దానికి ఏనాడును పరాయి ఊరు కాదు. ఇరానీ హోటళ్ళ బన్ను మస్కా, విందులలో డబల్ కా మీఠా, 1953లో ఖాన్‌చంద్ రమ్నానీ అను సింధీ శరణార్థి మొజంజాహీ మార్కెట్టు కడ పెట్టిన కరాచీ బేకరీ, వీనితోనే ఈ ఊరు పెరిగినది. మిరప సంగతి నేను చెప్పనక్కరలేదు. కనుక ఈ వస్తువు ఇచ్చటికి అతిథిగా వచ్చి, వచ్చిన వారమునాడే బంధువైనది.

వేపుడులో దోషము కోడిది కాదు, నూనెది. అందులోను మాటిమాటికి కాచిన నూనెది. మన దేశపు ఆహారభద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1వ తేదీనుండి ఒక నియమము పెట్టినది. కాగుచున్నకొలది నూనెలో పెరుగు పోలార్ కాంపౌండ్స్ అను పదార్థములు నూటికి 25 పాళ్ళు మించినచో ఆ నూనె వాడరాదు. నియమము మంచిదే. అర్ధరాత్రి బండి ముందు నిలబడిన మనిషి ఆ పాళ్ళను ఎట్లు కొలుచుకొనును?

ఇక పనిలోనికి వత్తము. నూనెలో వేసిన ముక్క కరకరలాడుటకు కారణమేమి? కాగిన నూనె ముక్కను అన్ని వైపుల ఒక్కసారిగా తాకి, పైపొరలోని నీటిని ఆవిరిచేసి తరిమివేయును. నీరు పోయిన పొర వేడెక్కి, ఎఱ్ఱబారి, గట్టిపడి, కమ్మని వాసన నిచ్చును. 1912లో ఈ మార్పును వివరించిన లూయీ కమీల్ మయ్యార్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుని పేరే దానికి పెట్టినారు. ఓవెనులో ఉండునది వేడిగాలి. గాలి నూనెవలె చురుకుగా వేడిని అందింపజాలదు. కనుక ముక్క లోపల ఉడికిపోవుసరికి పైపొర ఇంకను తెల్లగ, మెత్తగనే ఉండును. పైపొర ఎఱ్ఱబడువఱకు ఉంచితిమా, లోపలి మాంసము ఎండి పీచగును. నా మొదటి ప్రయత్నము సరిగా ఇట్లే ముగిసినది. మా అమ్మ పళ్ళెమువైపు చూచి, “నూనె మొహం చూడని వేపుడు ఇలాగే ఉంటుంది నాయనా, పాలిపోయి” అన్నది.

ఈ చిక్కునకు పరిష్కారము ముక్కలో లేదు, పైపొడిలో ఉన్నది. పొడిని ముందుగనే వేయించి ఎఱ్ఱగ చేసి, ఆ తరువాత ముక్కకు అద్దినచో ఓవెనునకు సగము పని తగ్గును. మాంసము ఉడుకుటకు పట్టు కాలము చాలును. రంగు కొఱకు వేచియుండ నక్కరలేదు. ఈ ఒక్క సంగతి తెలిసిన మిగిలినదంతయు సులభము.

నలుగురికి అరకిలో ఎముకలేని కోడిమాంసము చాలును. రొమ్ముభాగమైనచో అడ్డముగా రెండు పొరలు చీల్చి, రెండు ప్లాస్టికు కాగితముల నడుమ పెట్టి, అప్పడాల కర్రతో మెల్లగ కొట్టి, అంతటను వ్రేలి మందము ఉండునట్లు చేయవలెను. మందము ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉన్నచో సన్నని అంచు ఎండుసరికి నడుమభాగము పచ్చిగ నుండును. తొడమాంసము ఇంకను మేలు. కొంచెము ఎక్కువసేపు ఉన్నను ఎండదు. నాటుకోడి ఈ పనికి తగదు. రాజేంద్రనగరములోని కోళ్ళ పరిశోధనాలయమువారు పల్లెల పెరటిపెంపకమునకు వనరాజా అను మంచి జాతిని తయారుచేసినారు. దాని రుచి పులుసులో తెలియవలె గాని ఇరువది నిముషముల ఓవెనులో తెలియదు. దీనికి బజారులోని లేత బ్రాయిలరే తగినది.

ఇచ్చట ఒక మాట. కోడిమాంసమును పసుపు, ఉప్పు వేసి కుళాయిక్రింద రెండుమూడుసార్లు కడుగుట మన యిండ్ల ఆచారము. నేడు ఆహారశాస్త్రజ్ఞులు అట్లు కడుగవద్దనుచున్నారు. కడుగునప్పుడు చిందిన తుంపరలతో మాంసమందలి సూక్ష్మజీవులు గట్టుమీదికి, ప్రక్కనున్న కూరగాయలమీదికి చేరును. మాంసమును శుభ్రపరచునది నీరు కాదు, వేడి. ఈ మాట మా అమ్మతో అనుటకు నాకు ధైర్యము చాలలేదు. కుళాయి క్రింద గాక గిన్నెలో నీరు పోసి, చిందకుండ కడిగి, తరువాత తొట్టిని సబ్బుతో తోముట అను ఒడంబడికకు వచ్చితిమి. ఎట్లు కడిగినను ముక్కలను పొడిగుడ్డతోనో కాగితముతోనో తడిలేకుండ అద్దుట మఱువరాదు.

ముక్కలు నానుటకు నూరు గ్రాముల గట్టి పెరుగు, ఒక పెద్దచెంచా అల్లము వెల్లుల్లి ముద్ద, రెండు చిన్నచెంచాల కారము, చిటికెడు పసుపు, ఒక చెంచా ధనియాల జీలకఱ్ఱ పొడి, నాలుగు పచ్చిమిరపకాయలు నూరిన ముద్ద, తఱిగిన కరివేపాకు ఒక రెబ్బ, ఒక చిన్నచెంచా ఉప్పు. రోజునకు మనిషికి ఐదు గ్రాముల ఉప్పు మించరాదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారి మాట. ఈ లెక్కకు ఒక్కొక్కరికి గ్రామున్నర చిల్లరయే వచ్చును. పెరుగులోని పులుపు మాంసమును మెత్తబఱచును, ఉప్పు లోనికి దిగును. ఫ్రిజిలో రెండు గంటలు కనీసము, ఆరు గంటలైన ఉత్తమము. రాత్రంతయు ఉంచిన రొమ్ముమాంసము పైన పిండివలె అగును.

కారము గూర్చి నాకొక అభిప్రాయమున్నది. గుంటూరు కారము ఒక్కటే వేసిన నాలుక మండును గాని రంగు చాలదు. రంగు కొఱకు ఇంకను వేసిన తినలేము. వరంగల్లు చపాటా మిరపకు రంగు మెండు, కారము తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. రెండింటిని సమపాళ్ళలో కలిపిన చూపునకును నాలుకకును న్యాయము జరుగును. పైపొడిలో మాత్రము కారము కలుపవలదు. ఆ వేడికి మాడి చేదెక్కును.

పైపొడికి బజారులోని రస్కులు వాడరాదు. మన రస్కులు తియ్యనివి; చక్కెర ముందుగా నల్లబడును. పల్చని అటుకులు నూరు గ్రాములు, రెండునాళ్ళ క్రిందటి రొట్టెపొడి యాభై గ్రాములు తీసికొనవలెను. అటుకులను ఉత్త మూకుటిలో విఱిగిపోవునంతవఱకు వేడిచేసి, చేతితో నలిపి, బరకగ ఉంచవలెను. మెత్తగ పొడిచేసిన కరకర పోవును. తరువాత రెండు పెద్దచెంచాల నూనె, అనగా ముప్పది మిల్లీలీటర్లు, రొట్టెపొడితోను అటుకులతోను కలిపి సన్నని సెగపై, గరిటె ఆపకుండ, బంగారురంగు వచ్చువఱకు వేయింపవలెను. నలుగురికి వాడునూనెలో ముఖ్యభాగము ఇదే. అటుకులు ఈ పనికి వచ్చునని నాకెవ్వరును చెప్పలేదు. ఇంటిలో కార్న్‌ఫ్లేక్సు లేని నాడు మా మరదలు సూచించినది. నేటికిని వానికంటె ఇవే బాగున్నవని నా తీర్పు.

నానిన ముక్కపై అంటుకొన్న ముద్దను కొంత రాల్చి, పలుచగ బియ్యపుపిండి చల్లి, గిలకొట్టిన గ్రుడ్డుసొనలో ముంచి, పొడిలో పెట్టి అరచేతితో గట్టిగ అదుమవలెను. అదిమిన ముక్కలను పావుగంట ఫ్రిజిలో ఉంచిన పొడి ఊడదు.

ఓవెను అనగా పై, క్రింద తీగలు కాలు పెట్టె, లేదా గాలి తిరుగు కన్వెక్షన్ ఏర్పాటున్న మైక్రోవేవు. ఉత్త మైక్రోవేవు ఈ పనికి బొత్తిగా రాదు. అది లోపలి నీటిని కదిలించి వేడిచేయును, పైపొరను మెత్తపఱచును. ఇంకొక హెచ్చరిక: ఈ పెట్టెలు పెద్ద కరెంటు తీసికొనును. పెద్దప్లగ్గునకే తగిలింపవలెను. మా యింట ఒక ఆదివారము గీజరును ఓవెనును ఒకేసారి వేసి, ఇల్లంతయు చీకటి చేసి, రేడియో కూడ ఆగిపోవగా, నా ప్రసంగమును నేనే వినలేకపోతిని.

పెట్టెను 210 డిగ్రీల సెంటీగ్రేడునకు పావుగంట ముందు వేడిచేయవలెను. ముక్కలను పళ్ళెముపై కాక, పళ్ళెములో పెట్టిన తీగల జల్లెడపై ఉంచవలెను. లేనిచో క్రింది వైపు తన చెమటలో తానే నానును. పది నిముషములకు ఒకసారి త్రిప్పి, మఱి ఎనిమిది పది నిముషములు. తొడమాంసమునకు ఐదు నిముషములు అదనము. అయినదో లేదో రంగును చూచి నిర్ణయింపరాదు. పొడి ముందే ఎఱ్ఱనిది గనుక కన్ను మోసపోవును. నా రెండవ ప్రయత్నమున మోసపోయినది. కోసి చూడగా నడుమ గులాబిరంగు. తమ్ముడు అప్పటికే ఒక ముక్క కొఱికియుండెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, అతనికేమియు కాలేదు. మఱునాడే కొన్ని వందల రూపాయలు పెట్టి గ్రుచ్చి చూచు ఉష్ణమాపకము కొంటిని. మందమైన చోట నడుమ 74 డిగ్రీలు చూపినచో నిస్సందేహముగా తినవచ్చును.

తీసిన ముక్కను ఐదు నిముషములు జల్లెడపైననే ఉంచి, అప్పుడు పైకారము పూయవలెను. ఒక పెద్దచెంచా నూనె గోరువెచ్చని కంటె కొంచెము ఎక్కువ వేడిచేసి, చెంచా కారము, చిటికెడు బెల్లపుతురుము, చిదిమిన వెల్లుల్లి రెబ్బ మీద పోసి కలిపి, కుంచెతో పైవైపు మాత్రమే పలుచగ రాయవలెను. కారము నూనెలో కరగును, నీటిలో కరగదు. అందుచేత ఒక్క చెంచాయే నలుగురికి చాలునంత ఘాటు నిచ్చును.

బన్నును అడ్డముగ కోసి, లోపలి వైపు మాత్రము పెనముపై ఎఱ్ఱగ కాల్పవలెను. ఆ కాలిన పొర తడిని రొట్టెలోనికి ఇంకనీయదు. మయొనైసు మాకక్కరలేదు. గుడ్డలో వ్రేలాడగట్టిన పెరుగులో రెండు చెంచాల గోంగూర పచ్చడి కలిపి రాసితిమి. అది మా అమ్మ పాలు. ఆ రోజునుండి ఆమె ఈ వంటను “మన శాండ్విచ్చి” అనుచున్నది. పైన నిమ్మరసములో నానిన ఉల్లిపాయ చక్రములు, సన్నగ తఱిగిన క్యాబేజీ. తినువాడు ఎదుట కూర్చున్న తరువాతనే కూర్పవలెను. పది నిముషములు ఆగిన కరకర సగమగును.

ఇందులోనే మా అసలు చిక్కు వచ్చినది. నేను చేసినది తమ్ముడు తినవలసిన వేళ అర్ధరాత్రి, తినవలసిన చోటు అతని కార్యాలయము. ముక్క వేఱు, బన్ను వేఱు, పచ్చడి వేఱు కట్టి పంపితిని. అచ్చట మైక్రోవేవులో వేడిచేయగా నా రెండు గంటల శ్రమ తడిసిన అట్టవలె అయినదట. పైగా వండిన మాంసమును ఫ్రిజి లేకుండ రెండు గంటలకు మించి ఉంచుట క్షేమము కాదు. మూడుసార్లు విఫలమైన పిదప నాకు తోచినదేమనగా, శాండ్విచ్చును మార్చుటకంటె వేళను మార్చుట సులభము. నేను మధ్యాహ్నమునకే ఇల్లు చేరుదును. అయిదింటికి ఓవెను వెలిగించిన అయిదుముప్పావుకు వేడివేడిగా పళ్ళెములో ఉండును. అతడు ఇంటిలో, కుర్చీలో, మా అమ్మ ఎదుట కూర్చుండి తిని, ఆపైన పనికి పోవును. రాత్రికి మజ్జిగ, జామకాయలు, వేయించిన శనగలు పట్టుకొని పోవును. వారమునకు రెండుసార్లు ఈ ఏర్పాటు.

శ్రోతలు దీనిని పథ్యముగ భావింపవలదు. బన్ను మైదాయే; గోధుమరొట్టెతో కూడ చేసి చూచితిని, అది నాకు నచ్చినది, తమ్మునికి నచ్చలేదు. నూనె తగ్గినదే గాని పోలేదు. రాత్రిజాగరణము, గంటల తరబడి కుర్చీ, మెట్లెక్కని కాళ్ళు, ఇవి ఏ ఓవెనులోను ఉడుకునవి కావు. వైద్యులు ఆరు నెలల తరువాత మరల పరీక్ష చేయింతమన్నారు. ఆ తేదీ వచ్చే నెలలో ఉన్నది. కాగితమును ఈసారి అమ్మకు చూపుదునని అతడు మాట ఇచ్చినాడు.

మొన్న తెల్లవారుజామున నేను కాఫీ కాచుకొనుచుండగా అతడు వట్టి చేతులతో వచ్చినాడు. ఫ్రిజి తలుపు తీసి, నానుచున్న ముక్కల గిన్నెను చూచి, మూత ఎత్తి వాసన చూచి, “అన్నయ్యా, ఈసారి గుంటూరుది ఒక చెంచా ఎక్కువ వెయ్యి” అని చెప్పి పడుకొనబోయినాడు.